పఫ్ పొంగకపోతే మార్కులు పోవు

సాయంత్రం స్టడీ అవర్ అయ్యాక స్కూలు గేటు దగ్గర ఎదురుచూసే తల్లిదండ్రులందరికీ ఇది తెలిసిన దృశ్యమే. పిల్లలు బ్యాగు మన చేతిలో పెట్టి అడిగే మొదటి మాట "ఆకలి". రెండో మాట "పఫ్". బేకరీ అద్దాల పెట్టెలో పసుపు బల్బు కింద ఎగ్ పఫ్‌లు, కర్రీ పఫ్‌లు వరసగా పేర్చి ఉంటాయి. కాగితం ముక్కలో పెట్టి ఇస్తే బండి స్టార్ట్ చేసేలోపు సగం అయిపోతుంది. యూనిఫాం నిండా పొరలు రాలతాయి. ఇంటికెళ్లాక అన్నం వద్దంటారు.

ఈ పఫ్ గురించి మన పేరెంట్స్ వాట్సాప్ గ్రూపుల్లో వాదన కొత్తదేమీ కాదు. పూర్తిగా మాన్పించాలని ఒకరంటారు. పొద్దున ఏడింటికి వెళ్లిన పిల్లాడు సాయంత్రం ఒక్క పఫ్ తింటే కొంపలేమీ మునిగిపోవని ఇంకొకరంటారు. ఇద్దరి మాటలోనూ నిజముంది. నేను మూడో మాట చెబుతాను. నెలకో ఆదివారం ఆ పఫ్‌ని మన పిల్లల చేతే ఇంట్లో చేయిద్దాం. లోపల కూర బదులు పండు, చీజ్ పెట్టనిద్దాం. వాళ్లు చేస్తుంటే మనం పక్కన ఊరికే నిలబడదాం. పాడైతే పాడవనిద్దాం. దానికి మార్కులు వద్దు, స్టేటస్ ఫోటో వద్దు, ప్రాజెక్టు ఫైలు అసలే వద్దు.

పఫ్‌కి ఇంత ఉపోద్ఘాతం ఎందుకని మీరు అనుకోవచ్చు. అందుకు కారణం మా ఇంట్లో జరిగిన ఒక చిన్న సంగతి.

"నాన్నకి చెప్పొద్దమ్మా"

మేం మొదటిసారి పఫ్ చేసింది మే నెలలో. మా అమ్మాయి అప్పుడే ఆరో తరగతి పూర్తి చేసింది. ఒక వీడియో చూసి, కొలతలు నోటుబుక్కులో రాసుకుని, మధ్యాహ్నం రెండింటికి మైదా కలపడం మొదలుపెట్టింది. బయట ఎండ మండిపోతోంది. రెండో మడతకే బటర్ కరిగి పిండి అంచుల్లోంచి కారసాగింది. గట్టంతా జిడ్డు. నాకు ఓపిక నశించింది. "నువ్వు జరుగు, నేను చేస్తా" అని చపాతీ కర్ర లాక్కున్నాను. నేను చేసినా బాగుపడలేదు. ఓవెన్‌లోంచి పఫ్‌లు రాలేదు, నెయ్యి ఓడుతున్న గట్టి బిస్కెట్లు వచ్చాయి. తను ఆ ట్రే మీద ఒక పళ్లెం బోర్లించి మెల్లగా అంది: "నాన్నకి చెప్పొద్దమ్మా."

ఆ మాట నేను అంతకుముందు విన్నదే. వీకెండ్ టెస్టులో మార్కులు తగ్గిన రోజున అదే గొంతుతో అదే మాట అంటుంది. పన్నెండేళ్ల పిల్ల మనసులో మార్కులు తగ్గడం, పఫ్ పొంగకపోవడం ఒకే ఖాతాలో పడ్డాయి. రెండూ దాచిపెట్టవలసిన విషయాలే. ఆ ఖాతా తెరిచింది ఎవరు? నెపం స్కూలు మీదకి నెట్టడం తేలిక. కానీ ఆ రోజు తన చేతిలోంచి చపాతీ కర్ర లాక్కున్నది స్కూలు కాదు, నేను.

ఒక్కసారి మన పిల్లల రోజును చూడండి. హోంవర్కులో తప్పు రాస్తే ఎర్ర గీత. టెస్టులో తప్పు రాస్తే ర్యాంకు కిందకి. ఓఎంఆర్ షీటులో తప్పు గళ్లో దిద్దితే నెగెటివ్ మార్కు కూడా. సరదాకి చేర్పించిన కరాటేకి బెల్టు పరీక్ష, కీబోర్డుకి గ్రేడు పరీక్ష. వీటిలో ఏదీ తప్పని నేను అనడం లేదు. ఈ చదువు కావాలనే కదా ఫీజు కట్టి మరీ పంపిస్తున్నాం. కానీ తప్పు చేసి, ఎందుకు జరిగిందో తానే చూసుకుని, మళ్లీ చేసే చోటు వీటన్నిటి మధ్యా పిల్లలకి ఒక్కటీ కనిపించడం లేదు. ఆ చోటు ఇంట్లోనే ఉండాలి. నా మటుకు అది వంటిల్లు.

పఫ్ ఎందుకు, కేక్ ఎందుకు కాదు?

కేక్ సులువు. ప్యాకెట్ మిక్స్ కొని, పాలు పోసి కలిపి, పెట్టెలో పెడితే అయిపోతుంది. పఫ్‌లో ఆ వెసులుబాటు లేదు. అందులో ఏ తప్పుకి ఆ ఫలితం కళ్లకి కనిపిస్తుంది. పిల్లలకి అదే మేలు.

పఫ్ పిండిలో ఈస్ట్ ఉండదు, బేకింగ్ పౌడర్ ఉండదు. మరి ఎలా పొంగుతుంది? బొబ్బట్టులో పూర్ణం పెట్టినట్టు, తడిపిన మైదా మధ్యలో చల్లటి బటర్ పలకను పెట్టి మూస్తారు. పొడుగ్గా ఒత్తి, ఉత్తరం మడిచినట్టు మూడు మడతలు పెడతారు. మళ్లీ ఒత్తి మళ్లీ మడుస్తారు. మొదటి మడతకి బటర్ 3 పొరలు, రెండోదానికి 9, మూడోదానికి 27, నాలుగోదానికి 81. ఏడో తరగతి లెక్కల పుస్తకంలో ఘాతాంకాలు చదివే పిల్లలకి మూడు పవర్ నాలుగు అంటే ఎంతో ఇక్కడ చేతికి తెలుస్తుంది. పెద్ద బేకరీ పద్ధతిలో ఆరు మడతలు పెడితే 729 పొరలు.

బటర్‌లో దాదాపు 80 శాతం కొవ్వు. మిగిలినదాంట్లో ఎక్కువ భాగం నీళ్లే. వేడి ఓవెన్‌లో ఆ నీరు, పిండిలోని నీరు ఆవిరవుతాయి. నీరు ఆవిరైతే సుమారు 1,600 రెట్లు ఎక్కువ చోటు కావాలి. ఆ ఆవిరి పైకి పోదామంటే పిండి పొర అడ్డం, దాని మీద కొవ్వు పొర. అందుకని ఒక్కో పొరనూ ఎత్తుకుంటూ పోతుంది. పఫ్ పొంగడమంటే ఇదే. మొన్న మేలో మా ఇంట్లో ఎందుకు పొంగలేదో ఇప్పుడు చెప్పడం కష్టం కాదు. బటర్ 32 నుంచి 35 డిగ్రీల మధ్య కరిగిపోతుంది. మే మధ్యాహ్నం మన వంటింట్లో వేడి అంతకంటే ఎక్కువే. కరిగిన బటర్ పిండిలో ఇంకిపోయింది. పొరలే లేనప్పుడు ఆవిరి దేన్ని ఎత్తుతుంది? తప్పు మా అమ్మాయి చేతిది కాదు, నెలది.

మన వంటకి ఈ విద్య కొత్తదేమీ కాదు. తాపేశ్వరం మడత కాజా చూడండి. పలచగా ఒత్తిన పిండికి మధ్యలో కొవ్వు రాసి చుట్టి, మడిచి, వేయిస్తేనే ఆ పొరలు విచ్చుకుంటాయి. పొరల పరోటా సంగతీ అంతే. మన అమ్మమ్మలకి తెలిసిన పనే ఓవెన్‌లోకి వెళ్లింది.

ఇందులో ఇంకో రెండు సంగతులున్నాయి. ఒత్తిన పిండికి కాసేపు విశ్రాంతి ఇవ్వాలి. ఇవ్వకుండా మళ్లీ ఒత్తితే సాగదు, రబ్బరులా వెనక్కి ముడుచుకుంటుంది. రెండోది, మడతలు ఎన్ని ఎక్కువ పెడితే అంత పొంగుతుందనుకోవడం పొరపాటు. మరీ ఎక్కువైతే పొరలు పలచబడి ఒకదాన్లో ఒకటి కలిసిపోతాయి. పిండి గురించే చెబుతున్నాను. టైంటేబుల్ గురించి ఎవరికైనా ఆలోచన వస్తే అది వారిష్టం.

200 గ్రాములు తూచిన చెయ్యి

ఇక ఆరోగ్యం మాట. ఇంట్లో చేశాం కాబట్టి పఫ్ ఆరోగ్యకరమైపోదు. ఆ మాట చెప్పి నన్ను నేను మోసం చేసుకోను, మిమ్మల్నీ మోసం చేయను. 12 చిన్న పఫ్‌లకి 200 గ్రాముల బటర్ పడుతుంది. ఒక్కోదానిలో దాదాపు 17 గ్రాములు, అంటే మూడున్నర టీస్పూన్లు. మైదా, చీజ్ దానికి అదనం.

నియమాలు లేక కాదు. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2020లో తెచ్చిన నిబంధనల ప్రకారం కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న పదార్థాలను స్కూలు ఆవరణలో గానీ గేటు నుంచి 50 మీటర్ల లోపు గానీ అమ్మకూడదు. 2022 జనవరి నుంచి నూనెల్లో, కొవ్వుల్లో పారిశ్రామిక ట్రాన్స్ ఫ్యాట్ 2 శాతం దాటకూడదన్నది ఇంకో నిబంధన. చక్కెర గురించి పిల్లలకి తెలిసేలా షుగర్ బోర్డులు పెట్టమని సీబీఎస్‌ఈ 2025 మేలో తన స్కూళ్లకి చెప్పింది. మన హైదరాబాద్ తార్నాకలోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో ఇలాంటి పదార్థాలు వీలైనంత తగ్గించమనే ఉంది.

ఇవన్నీ కావలసినవే. కానీ బోర్డు మీద రాసింది చదవడం వేరు, ఆ బరువును చేత్తో తూచడం వేరు. మా అమ్మాయి కాటా మీద గిన్నె పెట్టి బటర్ ముక్కలు వేస్తూ వేస్తూ "ఇంకానా? ఇంకానా?" అని అడిగింది. 200 వచ్చేసరికి దాదాపు పావుకిలో బటర్ గట్టు మీద ఉంది. ఆ తరవాతి వారం బేకరీ ముందు తనే అంది, "ఇవాళ వద్దులే, అరటిపండు కొను" అని. ప్రతిసారీ అలా అంటుందని కాదు. అంతకుముందు ఒక్కసారి కూడా అనలేదు. నేను ఏడాదిగా చెప్పినా ఎక్కని మాట కాటా ఒక్కపూటలో చెప్పింది.

అందుకే నెలకి ఒక్కసారి చాలంటున్నాను. ఇంత వెన్న, ఇంత పని ఉన్న వస్తువు రోజూ తినేది కాదని చేసినవాళ్లకి చెప్పనక్కర్లేదు.

జామపండులో చీజా?

మా అత్తగారు అడిగిన ప్రశ్న ఇది. మీ ఇంట్లోనూ అడుగుతారు. నిజానికి ఇది ఇంకెక్కడో బాగా నలిగిన వంట. క్యూబాలో పాస్తెలితో అనే చిన్న పఫ్‌లు ఉన్నాయి. చిక్కగా ఉడికించిన జామపండు గుజ్జు, మెత్తటి క్రీమ్ చీజ్ కలిపి పెట్టే రకం అందులో బాగా పేరున్నది. క్యూబా నుంచి వెళ్లి స్థిరపడ్డవాళ్లు ఎక్కువగా ఉండే అమెరికాలోని మయామీలో క్యూబన్ బేకరీల్లో పొద్దున్నే కాఫీతో ఇవి తింటారు. బ్రెజిల్‌లో జామ హల్వా లాంటి ముక్క మీద చీజ్ ముక్క పెట్టుకుని తింటూ ఆ జోడీని రోమియో-జూలియెట్ అంటారు. జామచెట్టు పుట్టిల్లు ఆ ఖండమే. మన పెరట్లోకి తరవాత వచ్చింది.

వాళ్లు తీపికి చీజ్ ఉప్పదనం జోడిస్తే, మనం జామకాయ కోసి ఉప్పు, కారం చల్లుతాం. బండి మీద పైనాపిల్ ముక్కకీ అదే చల్లుతారు. పులుసులో బెల్లం ముక్క వేస్తాం. ఉస్మానియా బిస్కెట్ రుచంతా తీపి, ఉప్పుల దోబూచులాటే. బేకరీలో కొబ్బరి, టూటీఫ్రూటీ పెట్టిన దిల్‌పసంద్ తిన్నవాళ్లకి తీపి పఫ్ కొత్త కాదు. కాబట్టి పిల్లలకి ఈ రుచి అలవాటు చేయనక్కర్లేదు, ఇప్పటికే ఉంది.

ఏ పండు, ఏ చీజ్ అన్నది పిల్లలకే వదిలేయండి. మా ఇంట్లో నిలిచినవి మూడు. జామ గుజ్జు, చీజ్ క్యూబు ముక్క. పైనాపిల్, పచ్చిమిర్చి, తురిమిన చీజ్. ఆపిల్, పనీర్, మిరియాల పొడి. కుదరనివి కూడా ఉన్నాయి. ద్రాక్ష పెడితే నీళ్లు కారి అడుగంతా ముద్దయింది. అరటిపండు, చీజ్ కలిపింది మా నాలుగో తరగతి అబ్బాయి. చేసినవాడే తినలేకపోయాడు. వద్దని నేను ముందే చెప్పి ఉండొచ్చు. చెప్పనందుకు ఇప్పుడు సంతోషిస్తున్నాను. ఎందుకంటే ఆ సంగతి వాడు ఇక మరిచిపోడు.

చేసే పద్ధతి, చేయకూడని సాయం

చలికాలమే దీనికి అదను. డిసెంబరు, జనవరి నెలల్లో పొద్దున ఆరేడు గంటలకి మన గ్రానైట్ గట్టు చల్లగా ఉంటుంది. జామపళ్లూ అప్పుడే బాగా దొరుకుతాయి. ఎండాకాలంలో చేయాలని పట్టుబడితే తెల్లవారుజామునో, ఏసీ గదిలోనో చేయాలి.

పిండికి 250 గ్రాముల మైదా, అర టీస్పూను ఉప్పు, ఒక టీస్పూను నిమ్మరసం, 25 గ్రాముల బటర్, సుమారు 125 మిల్లీలీటర్ల చల్లటి నీళ్లు. ఉప్పున్న బటరైతే పిండిలో ఉప్పు తగ్గించాలి. చపాతీ పిండిలా గట్టిగా మర్దించకూడదు. ఉండ కట్టేంత వరకు కలిపి అరగంట ఫ్రిజ్‌లో పెట్టాలి. మిగిలిన 175 గ్రాముల బటర్‌ని రెండు బటర్ పేపర్ల మధ్య పెట్టి కర్రతో కొట్టి చదునుగా పలక చేయాలి. ఈ కొట్టే పని పిల్లలకి ఎంత ఇష్టమో చెప్పలేను. పరీక్షల ముందు వారమైతే మరీ ఇష్టం.

పిండి ఒత్తి, బటర్ పలక మధ్యలో పెట్టి, నాలుగు వైపుల నుంచీ మూసి, పొడుగ్గా ఒత్తి మూడు మడతలు. ఒకసారి పక్కకి తిప్పి మళ్లీ ఒత్తి మూడు మడతలు. అరగంట ఫ్రిజ్. తిరిగి అదే పని. ఇంటికి నాలుగు మడతలు చాలు. మధ్యలో బటర్ మెత్తబడి అంటుకుంటుంటే ఇంకో పావుగంట ఫ్రిజ్‌లో పెట్టాలే తప్ప పిండి చల్లి నెట్టుకురాకూడదు. ఈ రెండు మూడు గంటల్లో చేతికి పని అరగంటకి మించదు. మిగతాదంతా వేచి ఉండడమే. ఫోన్ పక్కన పెట్టించి ఆ ఖాళీలో ఏం చేస్తారో చూడండి. మా వాళ్లు క్యారమ్స్ ఆడారు, తన్నుకున్నారు, తరవాత పక్కపక్కనే పడుకుని కబుర్లు చెప్పుకున్నారు.

ఆ మధ్యలోనే జామ గుజ్జు చేయవచ్చు. పండిన జామపళ్లు ఉడికించి, జల్లెడలో గింజలు తీసి, గుజ్జు బరువులో సగం చక్కెర వేసి హల్వాలా గిన్నె అంచులు వదిలేదాకా కలపాలి. పూర్తిగా చల్లారాలి. పండు ఏదైనా తడి పోయేదాకా ఉడికించకపోతే పఫ్ అడుగు ఉడకదు. పిండిని పలచగా ఒత్తి చదరపు ముక్కలుగా కోసి, మధ్యలో ఒక టీస్పూను గుజ్జు, చిన్న చీజ్ ముక్క పెట్టి, అంచులు నీళ్లతో తడిపి ఫోర్కుతో నొక్కాలి. ఎక్కువ కూరితే పగులుతుంది. పైన రెండు గాట్లు పెట్టి, పాలు రాసి, పావుగంట ఫ్రిజ్‌లో ఉంచి, 200 డిగ్రీలకి ముందే వేడెక్కిన ఓవెన్‌లో 20 నుంచి 25 నిమిషాలు. మొదటి పావుగంట తలుపు తెరవొద్దు. వేడి చాలకపోతే పొరలు విచ్చుకోకముందే బటర్ కారిపోతుంది.

ఓవెన్‌లో ట్రే పెట్టడం, తీయడం పెద్దల పని. తీశాక కనీసం పావుగంట ఆగాలి. లోపలి పండు గుజ్జు పైకి తెలియకుండా మండుతూ ఉంటుంది, నాలుక కాలుతుంది. మన సాయం ఇంతే. పిండి వంకరగా ఒత్తితే సరిచేయకండి. ముక్కలు పెద్దాచిన్నా అయితే కానివ్వండి. పదేళ్లు దాటిన పిల్లల చేతికి కత్తి ఇచ్చి పక్కన నిలబడండి. ఇది ఆడపిల్లల పని అనుకునే ఇల్లయితే అబ్బాయితోనే మొదలుపెట్టండి.

"కుదరదండీ"

కుదరదనేవారి కారణాలు నాకు తెలుసు. ఓవెన్ లేదు. నిజమే, అందరి దగ్గరా ఉండదు. ఓటీజీ గానీ కన్వెక్షన్ ఉన్న మైక్రోవేవ్ గానీ ఉంటేనే పఫ్ వస్తుంది. మామూలు మైక్రోవేవ్‌లో రాదు, కేక్ చేసే కుక్కర్‌లోనూ సరిగ్గా రాదు. లేనివాళ్లు అదే జామ గుజ్జు, చీజ్ పెట్టి పెనం మీద పొరల పరోటా చేయించండి. లేదా అపార్టుమెంటులో ఓవెన్ ఉన్న ఇంట్లో ఇద్దరు ముగ్గురు పిల్లలు కలిసి చేసుకోవచ్చు. అది ఇంకా బాగుంటుంది.

టైం లేదు. ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇల్లు మాది కూడా. శనివారం రాత్రి మడతల దాకా చేసి ఫ్రిజ్‌లో పెట్టుకుంటే ఆదివారం పొద్దున గంటన్నర పని. అదీ కుదరకపోతే సూపర్ మార్కెట్లో ఫ్రోజెన్ పఫ్ షీట్లు దొరుకుతాయి. ప్యాకెట్ వెనక బటర్ అని ఉందో, వనస్పతి కొవ్వు అని ఉందో పిల్లల చేత చదివించి కొనండి. చదవడం కూడా పాఠమే.

చదువు పాడవుతుంది. నెలకి ఒక ఆదివారం పూటకి పాడయ్యే చదువైతే అది అప్పటికే బలహీనంగా ఉందని నా అనుమానం.

రెండు మనవులు

మొదటిది మన స్కూలు యాజమాన్యానికి, వారి పత్రికలోనే, చనువుతో. నెలలో ఒక్క ఆదివారం టెస్టు లేకుండా, అసైన్‌మెంట్ లేకుండా వదలండి. దాన్ని "హోమ్ బేకింగ్ యాక్టివిటీ" అని డైరీలో రాయించవద్దు. ఫోటోలు అప్‌లోడ్ చేయమనవద్దు, మొదటి బహుమతి పెట్టవద్దు. బహుమతి పెట్టిన మరుక్షణం పఫ్‌లు తల్లిదండ్రులు చేస్తారు. నిప్పు లేని వంట పోటీల్లో పుచ్చకాయ మీద నెమళ్లు చెక్కింది ఎవరో మనందరికీ తెలుసు.

రెండోది మనకి మనం చేసుకునే మనవి. పాడైన ట్రే చూసి "చెప్పానా?" అనకుండా ఉందాం. "ఏం జరిగిందనుకుంటున్నావ్?" అని అడుగుదాం. జవాబు తప్పైనా వినండి. పఫ్ దగ్గర ఆ ప్రశ్న అడగడం అలవాటైతే ప్రోగ్రెస్ రిపోర్టు దగ్గరా అదే గొంతుతో అడగగలుగుతాం. నాకు ఇంకా పూర్తిగా చేతకాలేదు. సాధన చేస్తున్నాను.

జనవరిలో సంక్రాంతి సెలవులకి మా అమ్మాయి రెండోసారి చేసింది. నేను గట్టుకి దూరంగా కుర్చీ వేసుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. పన్నెండు పఫ్‌లలో ఎనిమిది పొంగాయి. నాలుగు పక్కలకి పగిలి జామ గుజ్జు బయటికి కారి ట్రేకి అతుక్కుంది. పళ్లెం బోర్లిస్తుందేమోనని చూశాను. బోర్లించలేదు. వాళ్ల నాన్న హాల్లోంచి రాగానే పగిలిన నాలుగూ ముందు పెట్టి, "వీటిలో గుజ్జు ఎక్కువ పెట్టాను నాన్నా, మళ్లీసారి ఒక స్పూనే" అంది. ఆయన పగిలినదే తీసుకుని తిన్నారు. కారి మాడిన చీజ్ అంచు అన్నిటికంటే రుచిగా ఉందన్నారు. అది ముద్దు చేయడానికి అన్నమాట కాదు, నిజంగానే బాగుంది.

(ఏడో తరగతి, నాలుగో తరగతి విద్యార్థుల తల్లి)